నలభై ఒకటో పేజీ ఆంబోతు

ప్రతి ఇంట్లోనూ ఒక ఆంబోతుల కేటలాగ్ ఉండి తీరాలని నా అభిప్రాయం. ఇంట్లో ఆవు ఉండాలన్న నియమం ఏమీ లేదు. కేటలాగ్ ఉంటే చాలు!

నవ్వకండి. పూజా పునస్కారాలు ఉన్నవాణ్ణి, ఉత్తపుణ్యానికి మాట తూలను. మా బావ ఇంట్లో ఆ పుస్తకం చేసిన మేలు ఏడాదిగా కళ్లారా చూసి చెబుతున్నాను.

మా బావకు పదకొండు మేలుజాతి ఆవులున్నాయి. అన్నిటికీ ఏడు తరాల వంశం కాగితాల మీద ఉంది. సొంత ముత్తాత పేరు అడిగితే మాత్రం బావ దిక్కులు చూస్తాడు. ఆ మందలో ఒక పెయ్య తొలిసారి ఎదకొచ్చింది. నుదుట తెల్లమచ్చ ఉందని మా అక్క దాన్ని బొట్టుపెయ్య అంటుంది. చూలు కట్టడానికి దానికి ఏ ఆంబోతు ఇంజక్షన్ వేయించాలి? అదీ ప్రశ్న.

పాతకాలంలో ఈ ప్రశ్న ఎంత చప్పగా తీరిపోయేదో! ఊరికి ఒకటే ఆంబోతు. ఇక ఆలోచించడానికి ఏం మిగిలింది? ఇప్పుడు అలా కాదు. నూట ఇరవై పేజీలు, పేజీకి రెండు ఆంబోతులు, ఒక్కోదానికి ముప్పై నాలుగు అంకెలు. తల్లి పాలు, కూతుళ్ల పాలు, పాలలో వెన్న, గిట్టల వాలు, చివరికి స్వభావం కూడా. స్వభావానికి పదికి తొమ్మిది వచ్చిన ఆంబోతు ఉందండీ అందులో. మా ఆఫీసులో నాలుగు దాటేవాళ్లు లేరు.

అందుకని కమిటీ వేసుకున్నాం. బావ, పక్కింటి లెక్కల మాస్టారు, నేను. రోజూ సాయంత్రం అయిదింటికి ముందుగదిలో సమావేశం.

బావ మనసు మొదటి పేజీ మీదే ఉంది. అక్కడున్నది ‘చక్రవర్తి’. కొండలాంటి ఒళ్లు. మెడ కాస్త పక్కకు తిప్పి పెళ్లికొడుకులా ఫొటో దిగాడు. ఆ ఫొటో పెద్దది చేయించి దేవుడి పటాల పక్కన తగిలిస్తానంటే నేనే అడ్డుపడ్డాను. చివరికి బావ తమ పెళ్లి ఫొటో దించి ఆ మేకుకి తగిలించాడు.

మా అక్క అప్పుడప్పుడూ కుడితి బకెట్‌తో గుమ్మంలో నిలబడి చర్చను పక్కదారి పట్టించేది.

“తొలి ఈతండీ. దూడలు చిన్నగా పుట్టే ఆంబోతుని చూడండి. పాల సంగతి రెండో ఈతకి చూసుకోవచ్చు. ముందు తల్లీ పిల్లా వేరుపడాలి.”

నిరుడు ఇదే కొట్టంలో ఒక తొలిచూలు పెయ్య చక్రవర్తి దూడను మోసింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నొప్పులు పడింది. తల్లీ దక్కలేదు, దూడా దక్కలేదు. దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది అక్కే.

“అది మన దురదృష్టం. అంకెల తప్పు కాదు,” అన్నాడు బావ.

“నా తొలి కాన్పుకి ఇంతమంది కూర్చుని ఇన్ని అంకెలు చూశారా?”

“అప్పట్లో డేటా లేదమ్మా,” అన్నారు మాస్టారు.

“నువ్వయినా చెప్పరా తమ్ముడూ.”

“పుస్తకం పూర్తి కానీ అక్కా,” అన్నాను నేను.

ఎద అనేది మూడు వారాలకోసారి వస్తుంది, ఒక రోజులో పోతుంది. రెండోసారి బొట్టుపెయ్య గట్టిగా అరిచింది. చర్చకు ఇబ్బందిగా ఉందని తలుపులు వేసుకున్నాం. ఆ తర్వాత అది అరవడం మానేసింది. మా కష్టం దానికి అర్థమైందని బావ సంతోషించాడు.

అలా ఆరు నెలలు! మాస్టారు అన్ని అంకెలకూ సగటు తీసి, గోడంతా గ్రాఫులు అంటించి, లెక్క ప్రకారం సరైన ఆంబోతు ఇంకా పుట్టలేదని తేల్చారు. నేను రోజూ పొద్దున్నే, “స్వామీ, పేజీ నంబరైనా చూపించు” అని దణ్ణం పెట్టుకున్నాను. ఆయన చూపించలేదు. ఆవుల్ని కాసిన దేవుడికి కేటలాగ్‌తో పనేమిటని ఒకసారి అనుమానం వచ్చింది గానీ, వెంటనే చెంపలేసుకున్నాను.

చివరికి ఏకగ్రీవంగా చక్రవర్తే అనుకున్నాం. ఇంజక్షన్లు వేసే ఆయన్ని పిలిచాం. ఆయన డబ్బా దించి కొట్టంలోకి తొంగిచూశాడు.

“దేనికండీ?”

“బొట్టుపెయ్యకి.”

“దానికి ఆరో నెల కదండీ.”

బావ నా వంక చూశాడు. నేను మాస్టారి వంక చూశాను. మాస్టారు గ్రాఫు వంక చూశారు.

“ఎవరు చెప్పారు?” అన్నాడు బావ.

“చెప్పడమేంటి, వేసింది నేనే కదా. అమ్మగారు ఫోన్ చేశారు. మీరు మీటింగ్‌లో ఉన్నారు, కదిలించొద్దన్నారు.”

బావ అక్క వైపు తిరిగాడు. “ఏ ఆంబోతు?”

“నలభై ఒకటో పేజీ. కింద,” అని అక్క గడ్డి వేయడానికి వెళ్లిపోయింది.

ముగ్గురం ముందుగదిలోకి పరుగెత్తాం. నలభై ఒకటో పేజీలో, కింద, ఫొటో కూడా లేని ఆంబోతు. మేలుజాతే, ఏడు తరాల వంశమూ ఉంది. మిగతా అంకెలన్నీ అంతంతమాత్రం. ఒక్క అంకె మీద గుండ్రటి టీ మరక ఉంది. మా గ్లాసుదే. వేలితో తుడిచి చదివాం: తొలి ఈతలో ఇబ్బంది, నూటికి ఒకటి.

అంటే స్వామి నంబరు చూపించాడన్నమాట. నాకు కాదు, అంతే!

పోయిన వారం బొట్టుపెయ్య ఈనింది. అక్క చెయ్యి వేయాల్సిన పని కూడా పడలేదట. పెయ్యదూడ. చిన్న తల. అరగంటలో లేచి పొదుగు వెతుక్కుందట. ‘అట’ అనడం ఎందుకంటే మేం చూడలేదు. దూడకు ఏ పేరు పెట్టాలా అని ముందుగదిలో మాట్లాడుకుంటున్నాం.

కేటలాగ్ వరమని ఇప్పటికైనా ఒప్పుకుంటారా? ఆ పుస్తకమే లేకపోతే మేం ముగ్గురం కొట్టంలో ఉండేవాళ్లం. అప్పుడు ఆ పెయ్య గతేమయ్యేది?

నిన్న కొత్త కేటలాగ్ వచ్చింది. రెండు వందల నలభై పేజీలు. తెప్పించింది మా అక్కే. పుట్టిన దూడకి ఇప్పటినుంచే చూడటం మంచిదంది.

“తొందరేం లేదు, తీరిగ్గా కూర్చోండి,” అని మూడు టీ గ్లాసులు పెట్టి, వెళుతూ వెళుతూ తలుపు దగ్గరగా వేసింది.