నెంబరు పడ్డ అడవి

పద్నాలుగో నెంబరు మద్దిచెట్టు సోమవారం నలభై రెండడుగుల ఎత్తు ఉండగా, మంగళవారం మధ్యాహ్నానికి తొమ్మిది అంగుళాలే ఉందని కొండదిగువ టౌను అడవిలో కళాశాల విద్యార్థులు కనిపెట్టారు.

కనిపెట్టినవాళ్ళు చదువుకున్నవాళ్ళు గనక గాభరా పడలేదు. టేపు పెట్టి మళ్ళీ కొలిచారు. తొమ్మిది అంగుళాలే. నోటుబుక్కులో ‘ఎత్తు’ అన్న గడిలో ఆ సంగతి రాశారు. ‘కొమ్మలు’ అన్న గడిలో లేవని రాశారు. ‘విశేషాలు’ అన్న గడిలో ‘చెట్టు కూడా లేదు’ అని రాసి, కింద గీత గీసి, పదిహేనో నెంబరు దగ్గరికి నడిచారు. అదీ తొమ్మిది అంగుళాలే.

గాభరా పడినవాడు ఒక్కడే. వాడు అడవి వాచరు పోలయ్య. చెట్టు ఎక్కడో వెనకాల దాక్కుందేమోనన్నట్టు మొద్దు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తరవాత తలపాగా తీసి, మళ్ళీ కట్టుకుని, "అయిపోనాన్రా దేవుడా" అన్నాడు.

కొండదిగువ అనే ఊరు పార్వతీపురానికి ఎగువన, ఏజెన్సీ కొండలు మొదలయ్యే చోట ఉంది. ఇది జరిగిన 1923కి పన్నెండేళ్ళ ముందే ఆ ఊరికి ఒక కచేరీ, ఒక ఠాణా, ఒక కలప డిపో, ఒక యూనియన్ బోర్డు, ఆ బోర్డుకు వరహాలరావుగారనే ప్రెసిడెంటు సమకూడాయి. ఇన్ని ఉన్న ఊరిని పల్లె అనడం మర్యాద కాదు గనక, బోర్డువారు తీర్మానం చేసి టౌను అని పిలుచుకోవడం మొదలెట్టారు. టౌను అన్నాక పక్కన అడవి ఉండడం నామోషీ. ఊరి వెనక కొండవాలున నూట అరవై చెట్లు ఏ తీర్మానమూ లేకుండా పెరిగి ఉన్నాయి. వాటిని కొట్టించాలని బోర్డువారు సిరాబుడ్డి మూత తీసిన రోజే, సబ్ కలెక్టరు దొరగారు ఆ దారిన గుర్రం మీద పోతూ, "నీడ బాగుంది" అన్నారు.

సాయంకాలానికి అది టౌను అడవి అయింది. కంచె వేశారు. దొరగారి దారికి కనిపించే వైపు మాత్రమే వేశారు. కొండవైపు నుంచి చూసే దొర ఎవరూ లేరు గనక అటు వేయలేదు. కంచెకు గేటు, గేటుకు వాచరు, వాచరుకు భుజం మీదుగా వేసుకునే ఎర్ర డవాలు, డవాలుకు ఇత్తడి బిళ్ళ, గేటు పక్కన ఒక పూరిల్లు ఏర్పాటయ్యాయి. పదకొండేళ్ళుగా పోలయ్య ఆ బిళ్ళ చింతపండుతో తోముతూ, భార్య చిన్నమ్మలుతో ఆ పూరింట్లోనే కాపురం చేస్తున్నాడు. వాచరు ఏ కారణం చేతనైనా గేటు వదిలి పోరాదన్నది బోర్డువారి మొదటి నిబంధన. అడవిని కాయమని మాత్రం ఏ నిబంధనలోనూ లేదు.

ఇలాంటి అడవిని శాస్త్రం ఊరికే వదిలిపెట్టదు. పట్నంలోని ఒక కళాశాల నుంచి విశ్వాసం మాస్టారు ఆరుగురు విద్యార్థులతో దిగారు. మనుషుల మధ్య చిక్కుకున్న చెట్లు, పిట్టలు, చీమలు ఒకదాన్నొకటి ఆనుకుని ఎలా బతుకుతున్నాయో తేల్చడం వారి పని. మాస్టారు మంచివారు. తలమీద తాటాకు టోపీ, చేతిలో భూతద్దం, నోట్లో ఎప్పుడూ ఒక లాటిన్ మాట ఉండేవి. "నెంబరు లేని చెట్టు శాస్త్రానికి కనిపించదు" అని ఆయన మొదటిరోజే సెలవిచ్చారు. అందుకని యెహోషువ అనే విద్యార్థికి తెల్లరంగు డబ్బా, కుంచె ఇచ్చారు. యెహోషువ దస్తూరీ ముత్యాల్లాంటిది. సోమవారం పొద్దుగూకేలోపు నలభై చెట్ల మొలల మీద నలభై అందమైన అంకెలు వెలిశాయి.

మంగళవారానికి ఆ నలభైలో పదిహేడు మొద్దులయ్యాయి. బుధవారానికి నలభైయ్యీ అయ్యాయి.

బుధవారం మధ్యాహ్నం పోలయ్య గేటు దగ్గరుండగా అడవి లోపలి నుంచి టక్కు టక్కుమని చప్పుడు వచ్చింది. పుట్టి బుద్ధెరిగి గొడ్డలి చప్పుడు పోల్చుకోలేనంత చదువు పోలయ్య చదువుకోలేదు. అయితే గేటు వదలకూడదు. కేకేసి చిన్నమ్మలును గేటులో నిలబెట్టి, అనుమతి కోసం ప్రెసిడెంటుగారింటికి పరిగెత్తాడు.

"గేటు వదిలేసి వచ్చావా?" అన్నారు వరహాలరావుగారు తాంబూలం సర్దుకుంటూ.

"గేటు వదలడానికి అనుమతి అడగడానికి వదిలినాను బాబూ. లోపల ఎవుడో కొట్టేత్తన్నాడు."

"నువ్వు లోపలికి పోతే గేటులోంచి దొంగలు రారటరా?"

పోలయ్య ఆలోచించాడు. ప్రెసిడెంటుగారు చెప్పినదాంట్లో ఎక్కడ తప్పుందో దొరకలేదు. తిరిగి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది.

అదే చప్పుడు తమ విడిది అయిన బడి వరండాలో భోజనం చేసి నడుం వాల్చిన పరిశోధకులకూ వినిపించింది. విశ్వాసం మాస్టారు కళ్ళు మూసుకునే చిటికెన వేలు ఎత్తి, "వడ్రంగి పిట్ట. మగది" అన్నారు. ఆరుగురూ రాసుకున్నారు. గురువారం చప్పుళ్ళు ఒకేసారి ఇరవై చోట్ల నుంచి వచ్చాయి. వడ్రంగి పిట్టలు ఇంతగా వృద్ధి చెందడం అడవి ఆరోగ్యానికి నిదర్శనమని మాస్టారు ఆనందించారు.

చెట్లెందుకు పోతున్నాయన్న విషయం మీద బుధవారం రాత్రే బోర్డు అత్యవసర సమావేశం జరిగింది. నెంబరు వేసిన చెట్లనే తినే కొత్తరకం చెదపురుగు పుట్టి ఉండవచ్చునని, దానికి తన కళాశాల పేరు పెట్టాలని మాస్టారు వాదించారు. ఇది ఖద్దరువాళ్ళ పనేనని ఒక మెంబరు అన్నాడు. చివరికి ప్రెసిడెంటుగారు లేచి ఉపన్యసించారు:

"మహాశయులారా! నెంబరున్నది గనుకనే ఫలానా చెట్టు పోయిందని మనకు తెలిసినది. నెంబరు లేని చెట్టు పోయినచో పోయినట్లైనను తెలియదు గదా! కావున మిగిలిన చెట్లకు సంపూర్ణ రక్షణ కల్పించు నిమిత్తము, తక్షణమే అన్నింటికిని నెంబర్లు వేయవలెనని తీర్మానిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. యెహోషువకు ఇంకో మూడు డబ్బాల రంగు మంజూరైంది. అదే ఊపులో రెండో తీర్మానమూ చేశారు. శనివారం దొరగారు పరిశోధన చూడడానికి వస్తున్నారు. అప్పటికి దొంగ దొరక్కపోతే పోలయ్యే దొంగ. దొరగారి ఎదుటే బిళ్ళ ఊడదీసి, పూరిల్లు ఖాళీ చేయించి, ఠాణాకు అప్పగించాలి.

శుక్రవారం సాయంత్రానికి టౌను అడవికి సంపూర్ణ రక్షణ కల్పించడం పూర్తయింది. ఒక్క చెట్టు మిగిలింది.

పోలయ్య పూరింటి అరుగు మీద కూర్చుని బిళ్ళ తోముతున్నాడు. రేపు ఊడదీసే బిళ్ళే అయినా మాసిపోయి ఊడదీయించుకోవడం వాడికి ఇష్టం లేదు.

"ఏటయ్యా, దాన్నలాగ రుద్దితే రేపటికి రేకు మిగల్దు" అంది చిన్నమ్మలు.

"మిగిలితే ఏటి, మిగలపోతే ఏటి. ఠాణాలో ఏస్తారే నన్ను."

"నువ్వు తీసినావేటి సెట్లు?"

"తియ్యలేదే."

"మరెందుకు బెంగ?"

"తియ్యనోణ్ణే ముందు ఏస్తారు. తీసినోడు దొరకాలి కదా."

చిన్నమ్మలు చేట పక్కన పెట్టి, ఇంటి పక్కనున్న పనసచెట్టు కేసి గడ్డం చూపించింది. "అది పోలేదేం?"

"ఏమో. గేటు పక్కనుంది కదా."

"గేటు పక్కనున్న నేరేడు పోలేదా? నిన్న ఆ రంగుడబ్బా గుంటడు నా పనసకి బొట్టెడతానని వొచ్చినాడు. సీపురు తిరగేసినాను. అందుకే అది మిగిలింది. నీ అడవిని ఎవుడో తినీలేదు, రాత తినేసింది."

పోలయ్య చింతపండు పక్కన పెట్టాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆమె చెప్పిన మాట వెంటనే నమ్మడం వాడికి అదే మొదలు. బిళ్ళ మొలలో దోపుకుని యెహోషువ దగ్గరికి వెళ్ళాడు. అతను బడి మెట్టు మీద దిగులుగా కుంచె కడుక్కుంటున్నాడు.

"బాబూ, ఇంకొక్క నెంబరు రాయాల."

"చెట్లు లేవు కదా పోలయ్యా."

"రేపటి సభకి గేటు పక్కన పందిరేసినారు కదా. దాని వెనక రాట మీద రాయండి."

"పందిరి రాట చెట్టెలా అవుతుంది?"

"తొమ్మిదంగుళాల మొద్దు మీ బుక్కులో సెట్టయినప్పుడు, తొమ్మిదడుగుల రాట కాకపోద్దా బాబూ?"

యెహోషువ డబ్బా పట్టుకుని లేచాడు. రాట మీద తరవాతి అంకె వేశాడు. అలవాటు కొద్దీ చాలా అందంగా వేశాడు.

శనివారం సభ నిండుగా జరిగింది. కొబ్బరాకు పందిరి కింద దొరగారు, మాస్టారు, బోర్డు మెంబర్లు కుర్చీల్లో కూర్చున్నారు. పోలయ్య డవాలు వేసుకుని వెనక నిలబడ్డాడు. వాడి పక్కన ఊడదీయడానికి ఒక కానిస్టేబులు నిలబడ్డాడు. వాళ్ళ ముందు అడవి విశాలంగా, ఎక్కడా చూపుకు అడ్డు లేకుండా, నూట యాభై తొమ్మిది మొద్దులతో శోభిల్లుతోంది. వరహాలరావుగారు లేచారు.

"ఈ వనము మన టౌనునకు ఊపిరితిత్తి వంటిది! దీని ప్రతి వృక్షమును మేము పేరుపేరున, కాదు కాదు, నెంబరు నెంబరున ఎరుగుదుము..."

కొండవైపు నుంచి, కంచె లేని దారిన, ఒక మనిషి దిగి వచ్చాడు. ఏభై ఏళ్ళవాడు. భుజాన గొడ్డలి. పరుగు లేదు, దొంగచూపు లేదు. సభ జరుగుతోందని గమనించి, పెద్దలకు అడ్డు రాకుండా పందిరి వెనక నుంచి చుట్టి వచ్చి, రాట మీది అంకెను వేలితో తడిమి, అందరికీ కలిపి ఒక దండం పెట్టి, కొట్టడం మొదలెట్టాడు.

"విన్నారా!" అని విశ్వాసం మాస్టారు దొరగారి వైపు వంగి వేలెత్తారు. "మన వడ్రంగి పిట్ట!"

సభ హర్షధ్వానాలు చేసింది. ఆ హర్షధ్వానాల మధ్య పదకొండో దెబ్బ పడింది. పందిరి మొదట దొరగారి టోపీ మీదికి, తరవాత బోర్డు మీదికి, ఆఖరున శాస్త్రం మీదికి దిగింది. ఆకుల అడుగు నుంచి ప్రెసిడెంటుగారు, "...అని మనవి చేసుకుంటూ విరమిస్తున్నాను" అని వాక్యం పూర్తి చేశారు. ఆయన ఏ ఉపన్యాసాన్నీ సగంలో ఆపి ఎరగరు.

పోలయ్య ఒక్క దూకు దూకి గొడ్డలివాణ్ణి, వాడి చేతిలోని రాటతో సహా, వెనకనుంచి వాటేసుకున్నాడు.

"ఉండు మావా, నెంబరు కాడ పట్టుకోకు, రంగు పోద్ది" అన్నాడు వాడు.

వాడు మంగ్లు. కొండవెనక గూడానికి నాయుడు, అంటే పెద్ద. ముప్ఫై ఏళ్ళుగా సర్కారు ఏటా కొట్టించే అడవి వంతుల్లో, అంటే కూపుల్లో, చెట్లు కొట్టే ఇరవైమందికి మేస్త్రి. పేరూ వృత్తీ పోలయ్యకు తెలుసు. ఇంత నెమ్మదైన మనిషి ఏజెన్సీలో ఇంకొకడు లేడని కూడా తెలుసు. పోలయ్య పట్టు సడలించాడు.

దొరగారు తలమీది కొబ్బరాకు తీసుకుని, దొంగ దొరికాడు గనక వాచరు బిళ్ళ ఊడదీయనక్కర్లేదన్నారు. కాయడానికి చెట్టు లేదు కదా అని ఒక మెంబరు గొణిగాడు. అడవి లేకపోయినా గేటుంది గనక వాచరు ఉండవలసిందేనని వరహాలరావుగారు అక్కడికక్కడే తీర్మానించారు. చిన్నమ్మలు అరుగు మీద నుంచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోపలికి పోయింది. నవ్విందో ఏడ్చిందో పోలయ్యకు తెలియలేదు.

కానిస్టేబులు ఠాణా బుక్కు తెరిచి, పెన్సిలు తడుపుకుని, "నీ పేరేంట్రా? తండ్రి పేరు? గూడెం?" అన్నాడు.

అంతవరకూ తొణకని మంగ్లు, ఆ పెన్సిలు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు జోడించాడు.

"సేసింది నేనే బాబూ. నేనూ నా మనుసులూనే. దాపరికం ఏటీ లేదు. నెంబరు లేని సెట్టు ముట్టుకుంటే గార్డు తంతాడు. నెంబరేసిన సెట్టు కొట్టకపోతే రేంజరు తంతాడు. మా అయ్య నాకు నేర్పిన సదువు ఇదే. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క తప్పు సెయ్యలేదు. ఈసారి నెంబరు పక్కన సర్కారోళ్ళు కొట్టే సుత్తి ముద్దర లేకపోతే సుత్తి పోయిందేమో అనుకున్నాం. రాసిన సెయ్యి మంచిదని మా వోళ్ళందరూ మెచ్చుకున్నారు. దుంగలన్నీ డిపోలో వరసకి పేర్చినాను, అంకె పైకి కనపడేలాగ. ఒక్కటి తగ్గినా నా తల తీసీండి. ఆ డిపో గుమస్తా కూడా ‘ఏటి మంగ్లూ, ఈ ఏడు కూపు ఊళ్ళోనే పడిందా’ అని రసీదిచ్చినాడు. నాకు అచ్చరం రాదు బాబూ. ఒక్కటి మాత్రం తెలుసు. మీరు దేని మీద రాస్తే అది ఉండదు. రెండేళ్ళ కిందట జనాబా లెక్కని వొచ్చి మా గుమ్మాల మీద కూడా ఇలాగే నెంబర్లేసినారు, మా మంచికేనన్నారు. తెల్లారేసరికి పిల్లల్నీ మేకల్నీ తోలుకుని పైకొండకి పోనాం. అందుకే ఇయ్యాల మీ ముందు ఉన్నాను. కొట్టండి. కట్టీండి. జైల్లో ఎయ్యండి, బేగి పదండి, వొస్తాను. ఆ బుక్కులో నా పేరు మాత్రం రాయకండి బాబూ."