కొలనుకు సినిమా రంగు

ఆ సోమవారం ఉదయానికి పురపాలక కార్యాలయపు వీడియో ఎడిటర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మరమ్మతులు పూర్తయిన ఈత కొలను మీద తీసిన మూడు నిమిషాల చిత్రాన్ని తొమ్మిదిన్నరకల్లా చివరిదాకా ఒకసారి చూసుకోవాలి. పదింటికి పై అధికారికి అప్పగించాలి. ఒంటిగంటకు డబ్బా తెరిచి స్థిమితంగా భోంచేయాలి. ఈ మూడింటిలో మూడోది ఆ నెలలో ఒక్కరోజు కూడా జరగలేదు. యాభై ఆరేళ్ళ ఆ మనిషికి ఆ ఉదయం కోపం తెచ్చుకోవాలన్న ఉద్దేశం ఏ కోశానా లేదు. అయితే ఆ కార్యాలయంలో ఏదీ ఎవరి ఉద్దేశాన్నీ అడిగి జరగదు.

ఈ చిత్రం విషయంలో ఆమెకు పైకి చెప్పని ఆదుర్దా ఒకటి ఉంది. కొలను నీటిని శుభ్రంగా ఉంచే ఉద్యోగి ఆమె సొంత తమ్ముడు. పదకొండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగంలోనే ఉన్నాడు. శుక్రవారం నాడు కొలను తిరిగి తెరిచే సభలో చిత్రం చూపించడం, వెంటనే కమిషనర్ అతని ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తూ సంతకం పెట్టడం అని కార్యక్రమ పత్రంలో అచ్చయి ఉంది.

ఆమె కంప్యూటర్ తెరిచింది. తెర మీద కొలను కనిపించింది. నీళ్ళు నెలల తరబడి కడగని తొట్టిలో నీళ్ళలా పాచిరంగులో ఉన్నాయి. ఒడ్డున వేలాడే నారింజ రంగు ట్యూబు తుప్పుపట్టిన ఇనుములా ఉంది. తెల్లటి గోడలకు ఏదో జబ్బు చేసినట్టుంది.

ఆమె కలర్ సెట్టింగ్స్ తెరిచింది. ఒక్కొక్క కెమెరా రంగులను తనదైన లిపిలో రాసుకుంటుంది. అది ఏ లిపియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు మనం ముందే చెప్పాలి. సరిగ్గా చెబితే సరిగ్గా చదువుతుంది, తప్పు చెబితే తప్పుగానే చదువుతుంది, అదీ మహా ధీమాగా. శనివారం ఇంటికి వెళ్ళేముందు, అది చెప్పే గడిలో ఆమె తన కెమెరా పేరే ఉంచింది. ఇప్పుడక్కడ ‘సినిమా’ అని ఉంది. మార్పు జరిగిన సమయం శనివారం సాయంత్రం ఆరున్నర. ఆ వేళకు ఆ అంతస్తులో మిగిలే మనిషి ఒక్కరే.

ఆ పై అధికారిని, అంటే ప్రచార అధికారిని, వెనకాల అందరూ ‘సినిమా సారు’ అంటారు. రోడ్డు గుంతలు పూడ్చే వీడియోలో కూడా సూర్యాస్తమయం ఉండాలనే మనిషి ఆయన.

ఆమె పళ్ళు బిగించి గడిని సరిచేసింది. నీళ్ళు మళ్ళీ నీలంగా మెరిశాయి. ఆ క్షణానే ఫోను మోగింది.

"అక్కా, నా కొలనుకేమైంది?"

"నీ కొలనుకేమైందో నన్నడుగుతావేంట్రా? అక్కడున్నది నువ్వా నేనా?"

"నేనే. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున ఎవరిదో జడపిన్ను కూడా కనిపిస్తోంది. కానీ మెమో వచ్చింది. నీరు పాచిపట్టి ప్రజారోగ్యానికి హానికరంగా ఉన్నట్టు వీడియో ద్వారా గమనించడమైనదట. మూడ్రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట."

"ఏ వీడియో ద్వారా?"

"నువ్వు తీసిందేనట అక్కా."

ఆమె ఫోను పెట్టేసి నేరుగా సినిమా సారు గదిలోకి నడిచింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి.

"శనివారం నా కంప్యూటర్‌లో మీరేం నొక్కారు సార్?"

"రండి రండి, కూర్చోండి. చూశారా ఎంత మార్పొచ్చిందో! లిస్టులో సినిమా అని కనబడింది, పెట్టేశాను. ఆ లోతు, ఆ గాంభీర్యం... అప్పటికప్పుడే కమిషనర్ గారికి పంపేశాను."

"ఆ గాంభీర్యానికి కొలను పచ్చబడింది. మా... కొలను మనిషికి మెమో వెళ్ళింది. తప్పు సెట్టింగ్‌ది, నీళ్ళది కాదని కమిషనర్ మేడమ్‌కి ఇప్పుడే చెప్పండి."

సినిమా సారు ముఖంలో వెలుగు తగ్గింది. తాను నొక్కిన గడిని అనుమానించడం కంటే ఎక్కడో ఉన్న కొలనును అనుమానించడం అధికారులకు సులువు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అంటే... నీళ్ళలో ఏమీ లేకపోతే ఆ రంగెందుకొస్తుందమ్మా? కెమెరా అబద్ధం చెప్పదు కదా."

"కెమెరా చెప్పలేదు, మీరు చెప్పించారు. రెండో నిమిషంలో మీరు ప్రారంభానికి ముందే రిబ్బను పట్టుకుని నిలబడ్డారు చూడండి. మీ ముఖమూ పచ్చగానే ఉంది. దానికీ పాచి పట్టిందా?"

"అది... నీళ్ళ నీడ."

"మీరు నిలబడింది గేటు దగ్గర సార్. అక్కడ నీళ్ళెక్కడివి?"

పంపిన ఫైలు తప్పని ఒప్పుకుంటే విభాగం పరువేం కావాలని గోడమీది గడియారాన్ని అడిగారు ఆయన. ఆమె ఇక ఆయనతో పని పెట్టుకోలేదు. సరిచేసిన చిత్రాన్ని పదకొండు గంటలకు స్వయంగా కమిషనర్‌కు పంపింది. చేసిన పనిలో న్యాయం ఉంది కాబట్టి ఫలితమూ న్యాయంగానే ఉంటుందని నమ్మింది. ఆ వయసులో కూడా మనిషికి అలాంటి భ్రమలు మిగిలి ఉంటాయి.

పదకొండున్నరకు కమిషనర్ పిలిపించారు. ఆవిడ బల్ల మీది తెరలో రెండు చిత్రాలూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి, ఒకటి పచ్చగా, ఒకటి నీలంగా. బల్లకు అటువైపు సినిమా సారు అప్పటికే ఆసీనులై ఉన్నారు.

"కొలను ఉద్యోగి మీ తమ్ముడటగా?" అన్నారు కమిషనర్.

"అవును మేడమ్. దానికీ దీనికీ..."

"పొద్దున పచ్చగా ఉన్న నీళ్ళు మెమో వెళ్ళిన రెండు గంటల్లో నీలంగా ఎలా మారాయి?"

"నీళ్ళు మారలేదు మేడమ్, సెట్టింగ్ సరిచేశాను. శనివారం సాయంత్రం దాన్నెవరో మార్చారు. సమయం కూడా నమోదై ఉంది."

"ఎవరి పేరు మీద నమోదైంది?"

కంప్యూటర్ ఆమె పేరు మీదే ఉంటుంది. సినిమా సారు ఏదో అత్యవసర విషయం గుర్తొచ్చినట్టు కిటికీలోంచి బయటికి చూశారు.

"మేడమ్, కొలను ఇక్కణ్ణుంచి పది నిమిషాలు. ఒక్కసారి వచ్చి మీ కళ్ళతో చూడండి."

"శుక్రవారం ఎలాగూ వస్తాను. అప్పటికి నీళ్ళు నీలంగా ఉంటే పర్మనెంట్ ఆర్డరు మీద సంతకం పెడతాను. లేకపోతే సస్పెన్షన్ ఆర్డరు మీద పెడతాను. అప్పటిదాకా ప్రచార అధికారి గారు పర్యవేక్షిస్తారు."

ఇక అక్కడినుంచి పచ్చరంగు సత్యమైంది, నీలిరంగు బంధుప్రీతి అయింది. ఎంత సరైన చిత్రం చూపిస్తే ఆమె నేరం అంత బలపడింది. మెట్లు దిగుతూ ఆమె రెయిలింగును పట్టుకున్న తీరు చూసి ఎదురొచ్చిన గుమాస్తా గోడకు అతుక్కుని దారి ఇచ్చాడు.

మంగళవారం సినిమా సారు కొలనుకు వెళ్ళారు. అద్దంలాంటి నీళ్ళ ముందు నిలబడి వాటిని చూడకుండా కెమెరాతో వీడియో తీయించి, దాన్ని ఆఫీసుకు తెచ్చి, సినిమా సెట్టింగ్‌లోనే చూపించమన్నారు.

"ఎందుకండీ తప్పు సెట్టింగ్‌లో చూడటం?"

"మొదటి వీడియోకి ఏది పెట్టామో రెండోదానికీ అదే పెట్టాలి. అప్పుడే కదా పోలిక న్యాయంగా ఉంటుంది?"

న్యాయమన్న మాట ఆ నోటినుంచి వినవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళంతా మండింది. సెట్టింగ్ పెట్టింది. నీళ్ళు పచ్చగా వచ్చాయి. సినిమా సారు నిట్టూర్చి పాచిమందు నాలుగు డబ్బాలు తెప్పించారు. బుధవారం కూడా అదే తంతు; పచ్చదనం తగ్గలేదని ఇంకో నాలుగు డబ్బాలు. గురువారం ఉదయం క్లోరిన్ బస్తాలు వచ్చాయి.

"అక్కా, ఈయన కొలనుకి వైద్యం చేయట్లేదు, పగ తీర్చుకుంటున్నాడు," అన్నాడు తమ్ముడు ఫోనులో. "ఆ మందులో రాగి ఉంటుంది. దానిమీద ఇంత క్లోరిన్ పడితే మంచినీళ్ళే పచ్చబడతాయి. చెబితే, ‘నువ్వు సైంటిస్టువా?’ అంటున్నాడు."

"చెప్పడం కాదురా, రాయి. రోజూ నీళ్ళు పరీక్షించి రాసే రిజిస్టరుందిగా? అందులో ఈ ముక్కే రాసి, కింద ఆయన సంతకం తీసుకుని మరీ వెయ్యి. సంతకం లేకుండా ఒక్క గరిటె పడనివ్వకు."

"సంతకం పెడతాడా?"

"పెన్ను నువ్వివ్వు. సంతకం పెట్టే అవకాశం వస్తే వదులుకునే మనిషి కాదాయన."

గురువారం సాయంత్రానికి కొలను నిజంగానే పచ్చబడింది. ఈసారి ఏ సాఫ్ట్‌వేర్ సాయమూ అవసరం రాలేదు. సినిమా సారు ఒడ్డున నిలబడి నాలుగు రోజుల్లో మొదటిసారి నీళ్ళను కళ్ళతో చూశారు. ఆయన ముఖం వికసించింది.

"చూశావటయ్యా? మొదటినుంచీ నేను చెప్పింది ఇదే కదా! మీ అక్కేమో సెట్టింగూ సెట్టింగూ అని ఊరంతా గోల చేసింది!"

తమ్ముడు ఆ మాట చెప్పినప్పుడు ఆమె, "నీళ్ళలో దిగరాదని ఇప్పుడే బోర్డు పెట్టు, పెద్ద అక్షరాలతో," అని మాత్రం అంది. నిజాన్ని నాలుగు రోజులు బాది బాది అబద్ధానికి తగ్గట్టు తయారుచేయడం ఆమె అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ కోపానికి ఆ పూట అన్నం కూడా సయించలేదు.

శుక్రవారం తొమ్మిదింటికే సినిమా సారు కొలను దగ్గరికి వచ్చారు. ఈతదుస్తుల మీద తువ్వాలు కప్పుకున్నారు. ఆయనకు ఒత్తయిన తెల్లని జుట్టు ఉంది; ఆయన ఆస్తిపాస్తుల్లో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

"పాచి చచ్చింది, రంగు మాత్రం మిగిలింది. నీళ్ళు సురక్షితమని జనానికి తెలియాలంటే అధికారే దిగి చూపించాలి. నేను దూకుతాను, మీరు తీయండి. ఇవాళ మాత్రం మీ సెట్టింగే పెట్టండమ్మా, నీళ్ళు నీలంగా రావాలి."

"నా సెట్టింగ్ రంగులు వేయదు సార్. ఉన్నదున్నట్టు చూపిస్తుంది."

"సార్, బోర్డు పెట్టాను. దిగొద్దు," అన్నాడు తమ్ముడు.

"నీకు రేపటినుంచి ఉద్యోగమే ఉండదు, నీ బోర్డు నాకెందుకయ్యా?"

ఆయన దూకారు. దూకడంలో గాంభీర్యం చాలలేదని పైకొచ్చి మళ్ళీ దూకారు. మూడోసారి సూర్యుడు మబ్బులోకి వెళ్ళాడు. నాలుగోసారి ముక్కులోకి నీళ్ళు పోయాయి. ఐదోసారి నీళ్ళలోంచి లేచి, తల విదిలించి, ఒడ్డున చేతులు చాచి నిలబడటం ఆయన మనసుకు నచ్చింది. తమ్ముడు కళ్ళు పెద్దవి చేసి ముందుకొచ్చాడు.

"సార్, మీ తల..."

"నువ్వు నాతో మాట్లాడకు," అని ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు.

పదింటికి కమిషనర్ వచ్చారు. కొలనును చూసి పెదవులు బిగించారు, హాల్లోకి వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నారు. ఒడిలో ఫైలుంది. ఫైల్లో ఏ ఆర్డరుందో అక్కాతమ్ముళ్ళిద్దరికీ తెలుసు. ఎడిటర్ కలర్ సెట్టింగ్స్‌లో తన కెమెరా పేరు మరోసారి సరిచూసుకుని వీడియో పెట్టింది.

పెద్ద తెర మీద పచ్చని నీళ్ళు చీలాయి. వాటిలోంచి సినిమా సారు పైకి లేచారు. ఆయన ముఖం ముఖం రంగులోనే ఉంది. గోడలు తెల్లగా, ట్యూబు నారింజ రంగులో, ఏది ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. ఆయన జుట్టు మాత్రం లేత పచ్చగడ్డి రంగులో ఉంది.

హాల్లో ముందు ఎవరో దగ్గారు. తర్వాత దాచుకోవలసిన అవసరం లేదని తెలిసి నవ్వారు. సినిమా సారు కుర్చీలోంచి ఎగిరి లేచారు.

"ఆపండి! కలర్ సెట్టింగ్ తప్పు! మేడమ్, ఆవిడ కావాలని మార్చింది! నా జుట్టు ఆ రంగులో లేదు! ఈ వీడియోలని నమ్మకూడదు మేడమ్, ఒక్క గడి మారిస్తే చాలు, మంచి రంగుని కూడా పచ్చగా చూపిస్తాయి!"

కమిషనర్ ఆయన వైపు తిరిగారు.

"ఈ మాట సోమవారం ఆవిడ చెప్పినప్పుడు మీరు నా పక్కనే కూర్చున్నారు," అన్నారు. "తువ్వాలు తీయండి."

"మేడమ్..."

"తీయండి."

ఆయన తీశారు. తెర మీద ఏముందో తల మీదా అదే ఉంది, ఒక్క ఛాయ కూడా తేడా లేకుండా.

"సెట్టింగ్ సరిగ్గానే ఉంది," అన్నారు కమిషనర్. ఆ తర్వాత, ఐదు రోజుల్లో మొదటిసారి, వెనక నిలబడ్డ తమ్ముణ్ణి పిలిచి, "నీళ్ళకేమైంది?" అని అడిగారు.

అతను రిజిస్టరు అందించాడు. సోమవారం: నీరు స్వచ్ఛం. మంగళవారం: నీరు స్వచ్ఛం, మందు అనవసరం. బుధవారం: నీరు స్వచ్ఛం, మందు అనవసరమని రెండోసారి మనవి. గురువారం: రాగి ఉన్న మందు మీద క్లోరిన్ వేస్తే నీరు పచ్చబడును, ఆ రంగు జుట్టుకూ అంటును. గురువారం నాటి మాట కింద ‘గమనించాను, వేయవలసినదే’ అని అందమైన పెద్ద సంతకం ఉంది.

కమిషనర్ ఒడిలో ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పడేశారు. గుమాస్తాను పరుగెత్తించి రెండో ఆర్డరు తెప్పించి, నిలబడే సంతకం పెట్టారు. తమ్ముడు కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"ఇక్కడ సభ కాదు, ముందు ఆ నీళ్ళు తోడిపోయాలి," అన్నాడు.

"ముందు ఆర్డరు లోపల పెట్టుకోరా, తడుస్తుంది," అంది అక్క. ఆమె గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. ఐదు రోజులు కూడబెట్టింది ఒక్క సంతకంతో పోదు. కమిషనర్ ఆమెను చూసి, "నేను సోమవారమే వచ్చి చూడాల్సింది," అన్నారు. "అవును మేడమ్, చూడాల్సింది," అందామె, మర్యాదకైనా కాదనకుండా.

తన తప్పేమీ లేదని, అంతా రంగుల భ్రమేనని సినిమా సారు నాలుగు పేజీల సంజాయిషీ రాసుకున్నారు. సోమవారం ఉదయం దాన్ని స్వయంగా వచ్చి ఇవ్వమన్నారు కమిషనర్.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళారు.