నలభై మూడు గడపలు, ఒక జత చెప్పులు

పదింటికల్లా గుండ్లవాగుపాడు చేరాలి, ఒంటిగంటకల్లా ఊళ్ళో ఇళ్ళన్నీ లెక్క రాయాలి, రెండింటికి గురజాలలో బిర్యానీ తినాలి. పొద్దున్నే బండి తుడుస్తూ మహబూబ్ వేసుకున్న పథకం ఇంతే.

నరసరావుపేటలో అతను ఇళ్ళ బ్రోకరు. ఇరవై రెండేళ్ళలో కొన్ని వందల కాపురాలకు ఇల్లు చూపించాడు గానీ తాను మాత్రం ఇప్పటికీ అద్దె వాటాలోనే ఉన్నాడు. నెలాఖరుకు అదీ ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పేశాడు, కొడుక్కి పెళ్ళట. అలాగని సొంతిల్లు లేకపోలేదు. తొమ్మిదేళ్ళ కింద, రాజధాని గాలికి బీడు భూముల రేట్లు కూడా ఎగిరిపడుతున్న రోజుల్లో, ఇంకో బ్రోకరు మాట నమ్మి గుండ్లవాగుపాడులో రెండు గదుల నాపరాళ్ళ ఇల్లు కొన్నాడు. తాళంచెవి పక్కింటావిడ చేతిలో పెట్టి వచ్చినవాడు మళ్ళీ అటు పోలేదు. దాన్ని కొంటానన్నవాడూ ఇటు రాలేదు. ఊరందరికీ టోపీ పెట్టేవాడి నెత్తికి కూడా సరిపోయే టోపీ ఒకటి ఎక్కడో కుట్టే ఉంటుంది.

ఇన్నాళ్ళకు ఆ ఇల్లు వదిలించుకునే దారి కనపడింది. విజయవాడ కంపెనీ ఒకటి పల్లెల్లో ఇళ్ళ మార్కెట్టు ఎలా ఉందో చూసి రమ్మని అతని ఫోనులో ఒక యాప్ వేసింది. ఇంటికో ఫొటో, పన్నెండు ప్రశ్నలు. మనుషులున్నారా, ఖాళీయా? అమ్మితే ఎంత? ఆఖరున, 'రాబోయే అయిదేళ్ళలో ఈ ఊరి ఆర్థిక భవిష్యత్తు: పెరుగును, తగ్గును, చెప్పలేము.' ఏడో తరగతిలో బడి మానేసిన మహబూబ్ భవిష్యత్తు గురించి ఇంతవరకూ ఎవడూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఊరు మొత్తానికీ అతనే చెప్పాలి.

"ఈ దెబ్బతో మన ఇల్లు అమ్ముడుపోద్ది చూడు," అన్నాడు భార్యతో. "జనం నిండిన ఊళ్ళోనే ఎవుడైనా డబ్బు పెట్టేది. ఖాళీ ఇల్లు కనపడినా మనుషులున్నారనే టిక్కు పెడతా. మనది ఒక్కటే ఖాళీ అని పెడతా. అప్పుడు దానికి రేటు రాకుండా ఏడకి పోద్ది?"

"తొమ్మిదేళ్ళ నుంచి నువ్వు అనుకున్నదానికి ఎదురే జరగతంది," అంది జైనాబ్ బీ. "ఈసారన్నా ఉన్నది ఉన్నట్టు రాసిరా."

"నీకు మార్కెట్టు తెలవదులే."

గుండ్లవాగుపాడులో బండి ఆపితే కుక్క కూడా మొరగలేదు. క్వారీ మూతపడిన ఊరు. తెల్లటి నాపరాళ్ళ గోడల మీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. వీధిలో మనిషి జాడ లేదు. కానీ ప్రతి గడప ముందూ కళ్ళాపి తడి ఆరలేదు, ముగ్గు చెదరలేదు. మొదటి ఇంటి గడప పక్కన మగవాడి కిర్రు చెప్పులు విడిచి ఉన్నాయి. లోపల టీవీలో ఎవరో ఏడుస్తున్నారు. తలుపుకు మాత్రం బయట తాళం వేసి ఉంది.

"ఎవురండీ లోపల?"

టీవీ ఏడుపు ఆగి ప్రకటన మొదలైంది. గోడ వెనక ఎవరో దగ్గారు. చుట్టూ తిరిగి చూస్తే ఎవరూ లేరు. తీగ మీద తడి చీర ఒకటి ఊగుతోంది. గాలి మాత్రం లేదు.

మహబూబ్ ఎక్కువ ఆలోచించలేదు. అబద్ధం రాయడానికి వచ్చినవాడికి నిజమే ఎదురొచ్చి సాయం చేస్తుంటే కాదంటాడా? ఫొటో తీశాడు. ఎండకు ఫోను తెర కనపడక, ప్రతి ఇంటికీ పక్క సందులోకి పోయి, గోడ వైపు తిరిగి పన్నెండు ప్రశ్నలూ నింపి వచ్చేవాడు. మనుషులున్నారు, టిక్కు. మనుషులున్నారు, టిక్కు. తాళం, చెప్పులు, వెనక దగ్గు. ఆర్థిక భవిష్యత్తు పెరుగును.

ముప్పై ఇళ్ళు అయ్యాక ఒక అరుగు మీద కూలబడి, చూసుకుందామని ఫొటోలు తిరగేశాడు. నాలుగో ఇంటి చెప్పుల్లో ఎడమదాని పట్టీకి నీలం నైలాను దారంతో కుట్టు ఉంది. తొమ్మిదో ఇంటి చెప్పులకూ అదే కుట్టు. పద్నాలుగో ఇంటికీ, ఇరవయ్యో ఇంటికీ అదే. ముప్పై గడపలకూ కలిపి ఒకే జత.

మహబూబ్ మెల్లగా తల తిప్పి, ఇప్పుడే ఫొటో తీసిన ఇంటి గడప చూశాడు. చెప్పులు లేవు. ఎదుటి ఇంటి గడప చూశాడు. ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, నీడలు కాళ్ళ కిందికి వచ్చే వేళ. కిర్రుమన్న చప్పుడు లేకుండా కిర్రు చెప్పులు వీధి దాటాయి. చెప్పులు తప్ప ఇంకేమీ లేని మనిషెవరో ప్రతి ఇంటి ముందూ తనకంటే ముందే వచ్చి నిలబడుతున్నాడు.

లేచి పరిగెత్తబోయేసరికి ఫోను మోగింది. కంపెనీ నుంచి కిరణ్ కుమార్.

"మహబూబ్ గారూ, అన్నీ ఆక్యుపైడ్ అనే వస్తున్నాయి. ఫొటోల్లో ఒక్క మనిషీ లేడేంటండీ?"

"ఎండకి లోపల పడుకున్నారండీ. చెప్పులు చూడండి బయట."

"సరే, సౌండ్‌తో ఒక వీడియో పెట్టండి."

వెళ్ళిపోదామంటే నెలాఖరు గుర్తొచ్చింది. నోట్లో దువా చదువుకుంటూ, ఎదుటి ఇంటి వీడియో తీశాడు. చెప్పులు, టీవీ, గోడ వెనక నుంచి నాలుగు దగ్గులు. అన్నీ చక్కగా పడ్డాయి. 'అయినా దయ్యం ఉన్న ఇల్లు ఖాళీ ఇల్లు కాదు గదా,' అని తనకు తాను చెప్పుకొని టిక్కు పెట్టాడు.

అలా నలభై రెండూ అయ్యాయి. మిగిలింది ఊరి చివర ఉన్న తన ఇల్లు. కరెంటు కనెక్షన్ కూడా పెట్టించని ఇల్లు. దాని ముందు కళ్ళాపి చల్లి ఉంది. ముగ్గు వేసి ఉంది. తాళం లేదు. కప్పు సందుల్లోంచి పొగ వస్తోంది. గడప పక్కన నీలం దారం కుట్టిన చెప్పులు, వేళ్ళ వైపు అతనికేసి తిరిగి ఉన్నాయి.

వీధిలోనే నిలబడి ఫొటో నొక్కాడు. 'ఖాళీ' అన్నచోట వేలు పెట్టబోతుండగా తలుపు జానెడు తెరుచుకుంది. ముడతలు పడిన చెయ్యి ఒకటి బయటికి వచ్చి చెప్పులు అందుకుంది.

మహబూబ్ కేకకు పావురాలు లేచిపోయాయి. వేలు ఎక్కడ పడాలో అక్కడ తప్ప అన్నిచోట్లా పడింది, ఇంకో ఫొటో కూడా దిగింది. 'మనుషులున్నారు. నలభై మూడు ఇళ్ళ నివేదిక అందినది. ధన్యవాదాలు,' అంది ఫోను.

"అరవబాకయ్యా, నీకు దణ్ణం పెడతా," అంటూ చెప్పులు గుండెకు అదుముకొని ఒక ముసలమ్మ గడపలో చతికిలబడింది. దగ్గుతోంది. "మళ్ళీ మొదట్నుంచి తిరుగుతానంటే చెప్పు. నా వల్ల కాదిక."

"నువ్వు... మనిషివేనా?"

"పొద్దుట్నుంచి నీకు ముందర ఉరకతన్నా. దయ్యాన్నయితే ఈ ఆయాసం ఎందుకొస్తది?"

ఆమె బసవమ్మ. ఊరు ఊరంతా హైదరాబాదులో బిల్డింగు పనులకు పోయింది. తాళాలన్నీ ఆమె కొంగున ఉన్నాయి. పొద్దున్నే అన్ని గడపలకూ కళ్ళాపి చల్లుతుంది, దొంగలు రాకుండా టీవీలు పెడుతుంది. "పోయినేడు ఎవురో ఇట్టాగే ఫోనులు పట్టుకొనొచ్చి, తాళం ఉందని ఆరిళ్ళ తలుపుల మీద సుద్దముక్కతో డోర్ లాక్ అని రాసిపొయ్యారు. ఆ ఆరిళ్ళకీ బియ్యం కార్డులు పొయినయ్. అప్పట్నుంచి ఫోనోడు ఎవుడొచ్చినా గడపలో మా ఆయన చెప్పులు పెట్టమని ఊరోళ్ళు చెప్పి పొయ్యారు. ఆయన పోయి పదేళ్ళయింది. పాపం, చెప్పులు ఇంకా ఊరికి పనికొస్తన్నయ్."

"మరి నా ఇంట్లో నీకేం పని?"

"తాళం నా చేతిలో పెట్టి పోయింది నువ్వే గదయ్యా సాయిబూ! మా ఇల్లు వానకి పడిపోయింది. మనిషి లేని ఇల్లు మూడేళ్ళకి కూలుద్ది. నీదన్నా నిలబెడదామని ఇందులోకొచ్చా."

అంతలో మహబూబ్ ఫోను మోగింది.

"రిపోర్ట్ చూశామండీ," అన్నాడు కిరణ్ కుమార్. "చాలా బాగా చేశారు. కానీ ఈ ఊరు మాకు పనికిరాదు."

"అదేందండీ? నలభై మూడూ నిండుగా ఉంటే!"

"అందుకే. సోలార్ ప్లాంటుకి ఖాళీ అయిపోయిన ఊరు కావాలి. బయటి రేటుకి రెండింతలిచ్చి ఊరు మొత్తం కొందామనుకున్నారు. ముందే చెబితే అందరూ ఖాళీ అనే రాస్తారని చెప్పలేదు."

"సార్, సార్! అన్నీ ఖాళీయే సార్! ఒక్క ముసలమ్మ, ఒక్క జత చెప్పులు, అంతే ఊరు!"

"రేటు వినగానే ఊరు ఖాళీ అయిందా మహబూబ్ గారూ? వీడియోలో మనిషి దగ్గు వినపడుతోంది. ఆఖరి ఫొటోలో చెయ్యి కూడా ఉంది." ఫోను పెట్టేశాడు.

"గంజి తాగుతావా?" అంది బసవమ్మ.

నెలాఖరుకు మహబూబ్, జైనాబ్ బీ మినీ లారీలో సామానేసుకొని గుండ్లవాగుపాడు వచ్చేశారు. ముందు గది బసవమ్మది, వెనక గది వాళ్ళది. దారి పొడుగునా జైనాబ్ బీ, "మార్కెట్టు ఎట్టా ఉంది?" అని అడుగుతూనే ఉంది. అడక్కపోతే బాగుండేదనిపించింది మహబూబ్‌కు.

రెండు నెలలకు ఇంకో మనిషి ఫోను పట్టుకొని ఊళ్ళోకి వచ్చాడు. జైనాబ్ బీ సరుకులకు గురజాల పోయింది. బసవమ్మకు మోకాళ్ళ నొప్పి.

"టీవీలు నే చూసుకుంటా," అంటూ చెప్పులు మహబూబ్ చేతిలో పెట్టి, కర్ర పట్టుకొని బయల్దేరింది. "ఉరుకు నాయనా! వెనక సందుల్లోంచి పో. దగ్గు మర్చిపోబాక."

మహబూబ్ ఉరికాడు. నలభై రెండు గడపలకూ చెప్పులు మోశాడు, నలభై రెండు గోడల వెనకా దగ్గాడు. జాబితాలోంచి ఒక్క ఇంటి పేరూ పోలేదు. వచ్చినవాడు బండెక్కి పోయాక, గెలిచిన మొహంతో ఇంటికి వచ్చాడు.

ఊళ్ళో నిజంగా మనుషులున్న ఒకే ఒక్క ఇంటి తలుపు మీద సుద్దముక్కతో రాసి ఉంది: డోర్ లాక్.