రెండు ముఖాల వేణ్ణీళ్ల ట్యాంకు

కాగితాల విషయంలో మా కౌంటీ మొత్తంలో నన్ను మించినవాడు లేడు. ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. పొలం పత్రమైనా, పన్ను నోటీసైనా జనం పట్టుకొచ్చేది నా వరండాకే. ఈ వర్జిల్ సలహా విని చెడినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఇక పక్కింటి డెల్బర్ట్ హాచర్ సంగతి చెబుతాను.

ఆ జులై మంగళవారం మా ఇద్దరి పథకం చాలా చిన్నది. పొద్దున్నే చెరువుకు వెళ్లాలి, మధ్యాహ్నానికి నాలుగు క్యాట్‌ఫిష్‌లతో తిరిగి రావాలి. వానపాముల డబ్బాతో నేను వాళ్ల వంటింటి గుమ్మం ఎక్కేసరికి పెనం మీద బేకన్ మాడుతోంది. డెల్బర్ట్ మోకాళ్ల మీద కూర్చుని తువ్వాళ్లతో నీళ్లు పిండుతున్నాడు. అతని భార్య ఒపల్ నడవాలో నీళ్లను చీపురుతో బయటికి నెడుతోంది. వేణ్ణీళ్ల ట్యాంకు అడుగు ఊడి, నలభై గ్యాలన్లూ ఒక్కసారిగా ఇంట్లోకి దిగాయట.

"ట్యాంకు పోతే పోయింది, చన్నీళ్లు పోసుకుంటాను. మా నాన్న వేసిన నేల పోతే మాత్రం ఊరుకోను," అంది ఒపల్.

ఆమె అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. వాగు ఒడ్డున ఉన్న వాల్‌నట్ చెట్లను ఆ ముసలాయన తనే కొట్టి, తనే కోసి, చిత్రిక పట్టి, తను పోయే ముందటి చలికాలమంతా కూర్చుని పలక పక్కన పలక పేర్చాడు. అలాంటి పని చేసేవాళ్లు ఇప్పుడు లేరు. మూడు రోజుల్లో ఆరబెట్టకపోతే పలకలన్నీ వంకర్లు పోతాయి. గోడ దగ్గర రెండు అప్పుడే అంచులు ఎత్తాయి.

ఒపల్ గాలిపంకాలు అడిగి తేవడానికి చెల్లెలింటికి వెళ్లింది. డెల్బర్ట్ వంటింటి సొరుగులోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి ఇంటి బీమా, రెండోది ఇంటి సామాన్లకు వారంటీ. రెండూ ఒకటేననీ, ఎవరికో ఒకరికి ఫోను చేస్తే సరిపోతుందనీ అతని ఉద్దేశం. నేను వాటిని అందుకుని, కాసేపు తలాడించి, తేడా విడమరిచి చెప్పాను. బీమా ఆపదకు, వారంటీ ముసలితనానికి. నిన్నటిదాకా నిక్షేపంగా ఉన్నది హఠాత్తుగా కొంప ముంచితే బీమావాళ్లు వస్తారు. అరిగి అరిగి చచ్చిపోతే వారంటీవాళ్లు వస్తారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

"కాబట్టి ఎవరికి కావలసింది వాళ్లకు చెప్పు," అన్నాను. "బీమావాళ్లతో అది పసిబిడ్డ అను. వారంటీవాళ్లతో ఎప్పుడో మంచం పట్టిందను."

డెల్బర్ట్ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అదృష్టవశాత్తూ ఫోనులో చెవులు కనపడవు. బీమా ఆఫీసుకు, పోయిన క్రిస్మస్‌కే ఆ ట్యాంకు కొన్నామని చెప్పాడు. వారంటీ కంపెనీకి, ఆర్నెల్లుగా కారుతూనే ఉందని చెప్పాడు. మర్నాడు పదింటికి బీమా ఆవిడ వస్తుంది, మధ్యాహ్నం పన్నెండుకూ నాలుక్కూ మధ్య వారంటీ మెకానిక్కు వస్తాడు. కావలసినంత టైముంది అనుకున్నాం.

ఆ ట్యాంకు ఉండేది నడవాకూ కారు షెడ్డుకూ మధ్య ఇరుకు గదిలో. దానికి అటొక తలుపు, ఇటొక తలుపు. డెల్బర్ట్ తన సొంత తెలివితో నడవా వైపు సగానికి కారు పాలిష్ పట్టించాడు. పెళ్లికొడుకు బూటులా మెరిసింది. షెడ్డు వైపు సగానికి తడి కాఫీ పిప్పి, పొయ్యి మసి కలిపి పూశాడు. అటునుంచి చూస్తే అంతర్యుద్ధంలో వాడి పారేసిన ఫిరంగిలా ఉంది. గొట్టానికి తీగతో ఒక అట్టముక్క వేలాడుతోంది. ప్లంబరు ఏటా ఏదో రాసిపెట్టే చీటీ అది. దాని మీద ట్యాంకు వయసు ఉంది కనుక, విప్పి చొక్కా జేబులో దాచాడు.

బుధవారం సరిగ్గా పదింటికి బీమా తరఫున మిస్ ప్రూయిట్ నోటు పుస్తకంతో వచ్చింది. నడవా వైపు తలుపు తీసి, ఇంత మెరిసే ట్యాంకును తన ఉద్యోగంలో చూడలేదంది. కొత్తది కదా మరి, అన్నాడు డెల్బర్ట్. చెవులు బీట్‌రూట్లయ్యాయి.

అదే క్షణాన పెరట్లో వ్యాను ఆగింది. వారంటీ మెకానిక్కు రోయ్స్ రెండు గంటలు ముందుగా వచ్చేశాడు. వారంటీ మెకానిక్కు ముందుగా రావడం ఓక్లహోమా చరిత్రలో అదే మొదలు. కాఫీ తాగమన్నాను, వద్దన్నాడు. చేపల కబుర్లు ఎత్తాను, తనకు చేపలు పడవన్నాడు. చేసేది లేక షెడ్డు వైపు తీసుకెళ్లాను. అతను తలుపు తీశాడు.

"దీన్ని ఎక్కణ్ణుంచి తవ్వి తీశారు?" అన్నాడు.

"తవ్వడమేమిటండీ, మొన్న క్రిస్మస్‌కు కొన్నదైతే," అంది అవతలి నుంచి మిస్ ప్రూయిట్ గొంతు.

ట్యాంకు మీదుగా రెండు తలలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఆ తర్వాత ఆమె షెడ్డులోకి వచ్చింది, అతను నడవాలోకి వెళ్లాడు. ఆమె వేలితో మసి గీకి వాసన చూసి, కాఫీ అని రాసుకుంది.

ఆర్నెల్లుగా కారుతుంటే నోరు మెదపకపోవడం నిర్లక్ష్యం కనుక ట్యాంకు తమకు పట్టదని రోయ్స్ తేల్చాడు. ఆ ఆర్నెల్ల మాట విన్న మిస్ ప్రూయిట్, అలాగైతే నేల నానింది నిన్న కాదు కనుక అది తమకూ పట్టదంది. పుస్తకం మూసేసింది. ఒకరికి చెప్పిన అబద్ధం రెండోవాళ్ల చెవికి చేరి, రెండు కాగితాలనూ కలిపి చింపేసింది.

ఒపల్ నడవాలో నిలబడి నేల వైపే చూస్తోంది. అంచులెత్తిన పలకలు అప్పటికి అయిదయ్యాయి. ఆమె గొంతు పెంచలేదు.

"డెల్బర్ట్, నీ జేబులోంచి తొంగిచూస్తున్న ఆ తీగ ఏమిటి?"

అతను అట్టముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రోయ్స్‌కు ఇచ్చింది.

"ట్యాంకు పెట్టి పదకొండేళ్లయింది. మొన్నటిదాకా చుక్క కారలేదు. మంగళవారం పొద్దున నేను బేకన్ వేయిస్తుంటే దబ్బుమంది. ఇంతకు మించి ఏమీ జరగలేదు. మిగతాదంతా ఈ ఇద్దరి సంగీతం."

రోయ్స్ అట్టముక్కను పైనుంచి కిందికి చదివాడు. ప్రతి ఏప్రిల్‌లోనూ ప్లంబరు ట్యాంకు కడిగి, కారడం లేదని రాసి సంతకం పెట్టాడు. ఈ ఏప్రిల్‌లో కూడా.

"ఏటా కడిగించారు. ముసలిదై పోయింది, పాపం," అన్నాడు. "ఇదే మా పని. ట్యాంకు మేం మారుస్తాం. నేల మాది కాదు."

మిస్ ప్రూయిట్ పుస్తకం మళ్లీ తెరిచింది. "ట్యాంకు నాది కాదు. ఏప్రిల్‌లో కారనిది, మంగళవారం పగిలింది. ఆ నీళ్లు నావి. ఆరబెట్టే యంత్రాలు ఈ మధ్యాహ్నమే పంపిస్తాను." ఫోనులో విన్నదీ, తర్వాత దిద్దుకున్నదీ రెండూ రాయక తప్పదని డెల్బర్ట్ చెవుల వంక చూస్తూ చెప్పింది.

మేం దాచిన ముక్కే ఇద్దరికీ కావలసిన ముక్క. నిజం చెప్పి ఉంటే మంగళవారమే తేలిపోయేది.

నేల బతికింది. అయిదు పలకలూ బుద్ధిగా పడుకున్నాయి. కాకపోతే మసీ, కాఫీ కారి గుమ్మం దగ్గర మూరెడు మరక పడింది. అది ఎవరి కిందికి వస్తుందని డెల్బర్ట్ అడిగితే, రోయ్సూ మిస్ ప్రూయిటూ ఒకే మాట మీద నిలబడ్డారు: ఎవరి కిందికీ రాదు. ఒపల్ మాత్రం మా ఇద్దరి చేతుల్లో చెరొక గరుకు కాగితం పెట్టింది. తొమ్మిది రోజులు మోకాళ్ల మీద రుద్దాం. ఈలోగా చెరువులో చేపలు పిల్లల్ని పెట్టాయి.

నా సలహా విని చెడినవాడు పుట్టలేదన్నాను. డెల్బర్ట్ పుట్టి అరవై ఎనిమిదేళ్లయింది. ఆ కాగితాలు కూడా నేను చదవలేదు. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. కాఫీ పిప్పి డెల్బర్ట్ సొంత తెలివి కాదు.