ఇన్‌చార్జ్ గారి సెలవు

రమాబాయి సంచి సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది. బాలింతకు శొంఠిపొడి, పుట్టబోయే బిడ్డకు పాత చీరల మెత్తటి పొత్తిగుడ్డలు. నాందేడులో కూతురు సూర్యప్రభకు తొలి కాన్పు. అత్తగారు లేని ఇల్లు. సాయంత్రం కాచిగూడలో బండి తప్పితే పిల్ల ఆ నొప్పులు ఒంటరిగా పడాలి. రమాబాయి తోడు లేకుండా ఎన్నడూ రైలెక్కలేదు. వెళ్ళినవాళ్ళంతా తిరిగి రారన్న భయం ఒకటి ఆమెకు ఎప్పుడూ ఉండేది.

"సెలవు ఇస్తరా మీకు?"

"ఇయ్యకేం? దస్తకత్ చేయించుకొని గిట్ల వస్త. ఫికర్ చెయ్యకు," అని భర్త విఠల్‌రావు లాడ్ బజారు మీదుగా దఫ్తరుకు నడిచాడు.

అక్కడ సూపరింటెండెంటు లేడు. పొద్దున్నే ఏదో పని పడి బొంబాయి పోతూ, పెద్ద గుమాస్తా విఠల్‌రావును 'ఇన్‌చార్జ్' చేస్తూ చీటీ పెట్టి వెళ్ళాడు. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చిన ఆ సర్కారీ దఫ్తరులో ఆ మాటకు కొత్త బిందె మెరుపు ఉంది. ఇన్‌చార్జ్ ఏమేం చెయ్యగలడో ఎవరికీ తెలియదు. కనుక అన్నీ చెయ్యగలడనుకున్నారు.

"అన్నా, మరి సెలవు గూడ ఇస్తవా?" అని గుమాస్తా వెంకటనారాయణ అడిగాడు. కొడుక్కి పుట్టువెంట్రుకలట.

"ఇన్‌చార్జ్ ఇయ్యకుంటే ఇంకెవరిస్తరు?" అని విఠల్‌రావు పెద్ద కుర్చీలో కూర్చొని సంతకం చేశాడు. సంతకం కింద గీత కూడా గీశాడు. ఆ గీత ఆయనకు బాగా నచ్చింది.

తన బావమరిది వస్తున్నాడన్నాడు ఇంకో గుమాస్తా మొహియుద్దీన్. గీత. బాలనర్సింహకు కారణమేమీ దొరకలేదు. "అందరికిచ్చిన్రు, నేనేం పాపం చేసిన?" అన్నాడు. ఆయనకూ గీత. మధ్యాహ్నానికి దఫ్తరులో విఠల్‌రావు, చప్రాసీ తాహిర్ మిగిలారు.

అప్పుడు విఠల్‌రావుకు తన సెలవు గుర్తొచ్చింది.

"తాహిర్ భాయ్, నా సెలవు నేనే మంజూరు చేసుకుంటే?"

"తౌబా! మీ పెండ్లికి మీరే పురోహితుడైతరా సాబ్?"

నిజమేననిపించింది. ఆలోచించి, తాహిర్‌ను ఇన్‌చార్జ్ చేస్తూ ఆర్డరు రాసి, ముద్ర వేసి, కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత ఎదుట నిలబడి దరఖాస్తు అందించాడు.

తాహిర్ టోపీ సవరించుకున్నాడు. ఖాళీ బల్లలన్నీ నెమ్మదిగా చూశాడు.

"నామంజూర్."

"ఏందీ?"

"అందరు పోయిన్రు. మీరు గూడ పోతే సర్కారు ఎట్ల నడుస్తది?"

"నిన్ను కూసోబెట్టింది నేను! ఆ ఆర్డరు వాపస్ తీసుకుంటున్న!"

"ఇన్‌చార్జ్ ఆర్డరు ఇన్‌చార్జే రద్దు చెయ్యాలె సాబ్. నాకైతే రద్దు చేసేటట్టు అనిపిస్తలేదు."

లొల్లి ముదిరేసరికి గుమ్మం దగ్గర రిక్షా ఆగింది. సంచి చంకన పెట్టుకొని రమాబాయి లోపలికి వచ్చింది. "బండి టైమైతుంది! మీరు నిలబడ్డరేంది? తాహిర్ కూసున్నడేంది?"

"సలాం అమ్మా," అంటూ తాహిర్ అలవాటుకొద్దీ లేచాడు. లేచీ లేవగానే విఠల్‌రావు కుర్చీలో కూలబడి దాని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇగ మళ్ళ నేనే ఇన్‌చార్జ్!"

"అయితే లేవుండ్రి, పోదాం."

విఠల్‌రావు కుర్చీ చేతులు వదల్లేదు. ఇన్‌చార్జ్‌కు సెలవిచ్చేవాడు లేడు. లేస్తే తాహిర్ కూర్చుంటాడు.

రమాబాయి ఇద్దరినీ చూసింది. "మీ మంజూరీ దాక పిల్లకు నొప్పులు ఆగయి. నాకు సెలవు ఎవరియ్యాలె?"

ఇద్దరూ ఆలోచించారు. ఆ అధికారం ఏ దఫ్తరులోనూ ఉన్నట్టు తోచలేదు. తాహిరే సంచి రిక్షాలో పెట్టి, "ఖుదా హాఫిజ్ అమ్మా," అన్నాడు. ఆమె టికెట్టు తనే కొనుక్కొని, ఆడవాళ్ళ పెట్టె తనే వెతుక్కొని ఎక్కింది. కాన్పు వేళకు కూతురి తల ఆమె ఒళ్ళోనే ఉంది. కవలలు.

ఎప్పుడొస్తున్నావని విఠల్‌రావు కబురు పెట్టాడు. ఇక్కడ ఇన్‌చార్జ్ నేనే, సెలవిచ్చేవాళ్ళు లేరని జవాబొచ్చింది. దసరాకు పింఛను పుచ్చుకొని ఆయనే నాందేడు చేరాడు.

యాభై నాలుగో సంవత్సరం చైత్రంలో బయలుదేరిన రమాబాయి మళ్ళీ హైదరాబాదుకు రాలేదు.