లోపలున్నవారికో కుర్చీ

మార్చి పదకొండు, మంగళవారం. పొద్దున రెండు ఉడకబెట్టిన గుడ్లు, మూడు బ్రెడ్డు ముక్కలు తిని, ప్రాణం ఎప్పుడు మొదలవుతుందో తేల్చే సభకు బయల్దేరాను. గుడ్ల సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే దాని మీదా ఒక ఉపసంఘం పడేది!

అలాగని ఉపసంఘాలంటే నాకు చిన్నచూపనుకోకండి. మనిషికి డాక్టరు కన్నా, నర్సు కన్నా ఎక్కువ మేలు చేసేది ఉపసంఘమే! నవ్వుతున్నారా? చివరిదాకా వినండి.

మా విశ్వవిద్యాలయంలో ప్రాణరక్షణ వేదిక అని ఒకటుంది. కడుపులో ఉన్న బిడ్డకూ బతికే హక్కుందని నమ్మే అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి పెట్టుకున్నది. తత్వశాస్త్రం చెప్పే పెద్ద ప్రొఫెసరుగారు దానికి అధ్యక్షులు. నిర్ణయం తల్లిదే అని వాదించే లా మేడమ్‌ని కూడా ఆయనే పట్టుబట్టి పిలుస్తారు. ఎదుటి పక్షం లేకపోతే ఆయనకు తోచదు. ప్రూఫ్ రీడరుగా రిటైరైన నేను సభల్లో ఎవరేమన్నారో మినిట్సు రాస్తాను. మా ఆవిడ పోయాక ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కరొక్కటే. అందుకని ఎవరు పిలిచినా వెళతాను.

మూడేళ్లలో వేదిక ఎంత సాధించిందని! మొదటి ఏడాదంతా ఒక్క మాట మీదే గడిచింది. కరపత్రంలో 'శిశువు' అని వేస్తే లా మేడమ్ లేచి వెళ్లిపోతారు. 'పిండం' అని వేస్తే ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేస్తారు. పదకొండు సమావేశాల తర్వాత 'లోపలున్నవారి హక్కులు' అని రాజీ కుదిరింది. జైలు సంస్కరణల సభ అనుకుని ఇద్దరు వకీళ్లు వచ్చి, టీ తాగి, చప్పట్లు కూడా కొట్టి వెళ్లారు. ఇది మేలు కాదా?

ఇక ఆ మంగళవారం. వేదికలోనే చురుకైన పరిశోధక విద్యార్థిని ఒకమ్మాయి. తనకిప్పుడు ఏడో నెల. థీసిస్ ఇవ్వడానికి గడువు ఇంకా రెండు వారాలే. దానికి ముందు ఈ ఒక్క సదస్సు పూర్తి చేయాలి. హాజరు పట్టీలో పొద్దున ఒక సంతకం, సాయంత్రం ఒక సంతకం. రెండో సంతకం లేకపోతే నాలుగేళ్ల చదువు గాల్లో కలిసినట్టే.

భోజనాల తర్వాత ఆ అమ్మాయి లేచింది. చెప్పులు కాళ్లకు పట్టక చేత్తో పట్టుకుంది.

"సార్, కాళ్లు నీరు పట్టాయి. పైకి పెట్టుకోవడానికి ఇంకో కుర్చీ ఇప్పించండి."

"మనిషికి ఒక్కటే కుర్చీ అమ్మా. హాలు రూలు," అన్నారు ప్రొఫెసరుగారు, నిజంగానే బాధపడుతూ.

"మేం ఇద్దరం కదా సార్! పొద్దున గంటసేపు మీరే చెప్పారు."

హాలంతా గొల్లుమంది. ప్రొఫెసరుగారి ముఖం మాత్రం చేటంత అయింది. "ప్రశ్నంటే ఇదీ!" అన్నారు. అక్కడికక్కడే ఉపసంఘం వేశారు.

"కుర్చీ ఇవ్వండి, నేను కాదనను," అన్నారు లా మేడమ్. "ఆమె హక్కుగా ఇవ్వండి. లోపలున్నవారి వాటాగా మాత్రం ఒప్పుకోను."

"ఆమె హక్కుగా ఇస్తే మా మూడేళ్ల వాదన ఏం గాను మేడమ్?"

"మరి హాలు రిజిస్టర్లో ఈ కుర్చీని ఏ కాలమ్‌లో రాయమంటారు?" అని నేనడిగాను. అడగకుండా ఉండాల్సింది. దాని మీద ఇంకో ముప్పావుగంట పట్టింది.

"ఏ కాలమ్‌లోనైనా రాయండి మాస్టారూ, కుర్చీ మాత్రం ఇటు జరపండి," అంది అమ్మాయి. ఎవరూ వినలేదు. వింటే చర్చ ఆగిపోదూ? అప్పటికే ఇద్దరు విద్యార్థులు ఈ కుర్చీ మీద పరిశోధనా వ్యాసానికి పేరు కూడా ఆలోచించేశారు.

మా ఆవిడ ఏడో నెలలో కాళ్లు నా ఒళ్లో పెట్టుకుని పడుకునేది. నేను ఆ కాళ్ల మీదే కాగితాలు ఆనించి ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆ సంగతి అప్పుడు నాకెందుకు గుర్తు రాలేదంటారా? మినిట్సు రాస్తున్నానండీ!

నాలుగు దాటింది. ఇక కూర్చోలేక అమ్మాయి ఇంటికెళ్లడానికి పుస్తకాలు సర్దుకుంటోంది. సాయంత్రం సంతకం పోయినట్టే. అప్పుడే హాలు తాళాలు చూసుకునే మా తాళాలక్క గ్లాసులు ఎత్తడానికి వచ్చింది. ఒకసారి ఆ కాళ్ల వంక చూసింది. ఒకసారి మా అందరి వంక చూసింది. తిన్నగా వచ్చి నా పక్క కుర్చీలో ఉన్న బ్యాగు ఎత్తి పట్టుకుంది.

"మాస్టారూ, దీనికెన్నో నెల?"

అవునండీ, నా బ్యాగే! పొద్దుట్నుంచీ దర్జాగా కుర్చీలో కూర్చుంది. దానికి ప్రాణముందా అని ఒక్కరూ అడగలేదు. చూస్తే ప్రొఫెసరుగారి బ్యాగుకో కుర్చీ, మేడమ్‌గారి గొడుక్కో కుర్చీ. అందరం గబగబా సామాన్లు ఒళ్లోకి తీసుకున్నాం. క్షణంలో ఏడు కుర్చీలు ఖాళీ!

అక్క ఒక కుర్చీ లాగి కాళ్ల కింద వేసింది. లా మేడమ్ తన శాలువా మడిచి మడమల కింద పెట్టారు. ప్రొఫెసరుగారు హాజరు పట్టీ తనే మోసుకొచ్చి సాయంత్రం సంతకం పెట్టించారు. ఈ మూడు పనులకూ కలిపి రెండు నిమిషాలు పట్టింది. మినిట్సులో ఎక్కలేదు. ఏ అంశం కింద రాయాలో తెలియలేదు.

అంతటితో ఉపసంఘం రద్దయిందనుకుంటున్నారా? పక్క గదిలోకి మారింది. చీకటి పడినా సాగింది. "సూత్రం తేలాలి కదా!" అని ప్రొఫెసరుగారు బల్ల గుద్దారు. లా మేడమ్ అంతకన్నా గట్టిగా గుద్దారు.

తాళాలక్క ఆ గది తలుపు దగ్గరకొచ్చింది. అమ్మాయి భర్త బండి తీసుకుని ఇంకా రాలేదు.

"కాస్త మెల్లగా," అంది అక్క. "ఇద్దరూ పడుకున్నారు."

ఏ ఇద్దరని మేడమ్ అడగలేదు. చూశారా అని ప్రొఫెసరుగారు అనలేదు. నేను కలం మూసేశాను.

అక్క చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.