సలోమోను మాస్టారి పరిమళ సంగ్రామము

ముక్కు గలవారెల్లరు వినుడు! జలుబు చేసినవారు చీది వచ్చి వినుడు! ఏ సీమయందు జమీందారీలు రద్దయినను మామిడి దొరతనము రద్దు కాలేదో, ఏ సీమయందు రోహిణికార్తె రాగానే మనుష్యులు ఒకరినొకరు ఇంటిపేరునుబట్టి గాక తోటనుబట్టి పోల్చుకొందురో, ఏ సీమయందు పసిబిడ్డకు పలకకంటె ముందు రసపుటెంక చేతికి వచ్చునో, ఆ నూజివీటి సీమలో, నయాపైసలు చెలామణికి వచ్చినను అణాలు జనుల నాలుకలను వదలని ఆ దినములలో, రెడ్డిగూడెమను గ్రామమున, ఒక ఆదివారము ఉదయము, భూమ్యాకాశములు దద్దరిల్లదగిన యుద్ధమొకటి జరిగెను. అవి దద్దరిల్లలేదు, అది వాని లోపము. ఆ యుద్ధమునకు రణరంగము ఒక మణికట్టు.

ఆ మణికట్టు ఎవరిదనగా, సుద్దముక్కాయుధుడును, బెత్తప్రయోగ విముఖుడును, ఎక్కాల మహారణ్య సంచారియు నగు సలోమోను మాస్టారిది. ఊరి మిషను బడిలో చిన్న తరగతులకు పాఠములు చెప్పువాడు. పెండ్లియై నెల దాటెను. భార్య లీదియా చింతలపూడి పిల్ల, నెమ్మదస్తురాలు. వడ్డించునప్పుడు "ఇంకొంచెం వేయనా అండీ", దీపము చెంత నిలిచి "ఆర్పేయనా అండీ" అనుట తప్ప ఆమె నోట ఇంతవరకు మూడవ మాట వెలువడలేదు. నవ్వు సంగతి సరేసరి. ఆమెది పుట్టింటిమీది బెంగయో, తనమీది భయమో, తన వంకర పాపిటిమీది జాలియో తెలియక మాస్టారు లోలోపల కుమిలిపోవుచుండెను. దీనిని చూచి ఎవరును నవ్వరాదు. కొత్తకాపురము చేసినవారికి ఆ బాధ తెలియును.

అట్టి తరుణమున, బొంబాయి రేవులో గుమాస్తా పని చేయు లీదియా అన్న, పెండ్లికానుకగా ఒక సెంటు సీసాను పంపెను. చిటికెనవ్రేలంత సీసా. దానిమీద తెల్లని పువ్వు బొమ్మ కలదు గాని, అది స్త్రీలదో పురుషులదో తెలుపు ఆనవాలేదియు లేదు. శనివారము సాయంకాలము లీదియా ఆ సీసాను భర్త యెదుట బల్లమీద నిలిపి, చరిత్రలో తొలిసారి మూడవ మాట పలికెను.

"అన్నయ్య ఇద్దరికీ అని పంపించాడండీ."

మాస్టారు సీసాను ఆమె వైపునకు జరిపెను. "ఇద్దరికీ ఏంటి? ఇది పూల సెంటు కదా. నువ్వు రాసుకో."

"నేనొక్కదాన్నే రాసుకుంటే అందరూ నన్నే చూస్తారు. నాకు సిగ్గు. మీరు రాసుకుంటే నేనూ రాసుకుంటా." ఆ పైన ఆమె షరతు విధించెను. "రేపు గుడికి రాసుకెళ్ళి, తుడుచుకోకుండా ఇంటికి రావాలి. తుడుచుకున్నారంటే నేనిక ఆ సీసా ముట్టుకోను. పెట్టె అడుక్కి పడేస్తా."

అప్పుడా వీరుని అంతరంగమున మహోపన్యాసమొకటి చెలరేగెను. "ఓ లతాంగీ! అత్తరు జమీందార్లకు తగును, పెండ్లికొడుకులకు తగును. పూలవాసన సినిమా తారలకు తగును. సుద్దపొడి వాసనయే కవచకుండలములుగా గల బడిపంతులు జాజిపూలవలె గుబాళించుచు జనసమూహమున ప్రవేశించినచో, రేపటినుండి ఏ పిల్లవాడు నాకు ఎక్కము అప్పగించును? ఏ పెద్దమనిషి నాకు నమస్కారము పెట్టును?" ఇంత మాట లోపల ఘూర్ణిల్లగా, బయటికి వచ్చినది "సరే" అను రెండక్షరములు మాత్రమే. నెలకు ఆమె అడిగిన మొదటి కోరిక అది. కాదనుటకు అతనికి నోరు రాలేదు.

తెల్లవారెను. ఉతికిన పంచె, తెల్లచొక్కా, భుజమున కండువా ధరించి సన్నద్ధుడైన సలోమోను మాస్టారికి, లీదియా మెడవెనుక ఒక చుక్కయు, మణికట్టున ఒక చుక్కయు అద్ది, తన మణికట్టునను ఒక చుక్క అద్దుకొనెను. ఆహా! మొట్టమొదట నిమ్మాకు నలిపినట్టి చురుకైన చల్లదనము నాసికాద్వారములను బద్దలుకొట్టుకొని చొచ్చెను. దాని వెన్నంటి సన్నజాజుల సేన శ్రేణులు శ్రేణులుగా దిగెను. ఆ కోలాహలమణగిన పిమ్మట, ఎండలో ఆరిన చీరను మడతపెట్టునప్పుడు వచ్చునట్టి శుభ్రమైన, మెత్తని, పేరులేని వాసనయొకటి వచ్చి చర్మముమీద కాపురముండెను. మాస్టారు మణికట్టు వాసన చూచుకొనెను. గుండీలు పెట్టుకొనుచు మరల చూచుకొనెను. చెప్పులు తొడుగుకొనుచు, అవసరము లేకున్నను, మరల చూచుకొనెను. తాను ఒక్కడు గాక ఇద్దరైనట్లును, ఆ రెండవవాడు తనకంటె అందగాడైనట్లును తోచెను. ఎందుకో తెలియని నవ్వు లోపలనుండి తన్నుకొని వచ్చుచుండగా అతడు వీధిలో అడుగిడెను.

అంతట శత్రువులు విజృంభించిరి. సంతకు పోవు ఎండుచేపల గంప తన ఉగ్రసేనతో ఎదురురాగా, అరుగుమీద ముగ్గురు వృద్ధులు ముట్టించిన చుట్టలు ధూమాస్త్రములను ప్రయోగింపగా, తడిసిన గడ్డిమోపు, గేదెల చావడి, ఎవరి పెరటిలోనో మాడుచున్న తాలింపు ముప్పేటగా ముట్టడింపగా, నిమ్మదళము చెదరెనే గాని జాజిదళము వెన్ను చూపలేదు. అంతలో ఒక మేక ఈ వీరుని పూలదండగా భ్రమించి వెంటబడెను. దానిని అదలింపగా చేతినుండి మరింత పరిమళము లేచి, మేకకు మరింత ప్రేమ కలిగెను. అరుగుమీది వృద్ధులలో ఒకడు "ఎవరింట్లోరా పెళ్ళి?" అని గాలిని అడిగెను. మాస్టారి కుడిచేయి తనంతట తానే కండువా చెంగును పట్టుకొనెను. ఒక్క తుడుపు చాలును, పరువు దక్కును! కాని వెనుక కొంత దూరమున లీదియా వచ్చుచుండెను. అతడు చెంగును విడిచి, మేకతో సహా ముందుకు సాగెను.

ఆ ఆదివారము గుడిలో ప్రథమఫలముల పండుగ. ఎవరి చెట్టు తొలిపండ్లు వారు గంపలతో తెచ్చి దేవుని సన్నిధిని ఉంచుటయు, ఆరాధన ముగియగానే వానిని అక్కడనే వేలము వేసి గుడి ఖర్చులకు జమకట్టుటయు ఆచారము. గంపలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపు ఉద్యోగము మాస్టారిది గనుక, అతడు పురుషుల వైపున, గంపల ప్రక్కనే చాపమీద కూర్చుండెను. స్త్రీల వైపున లీదియా కూర్చుండెను. ఆ గంపలలో బడి ఆవరణలోని చెట్టు కాయలు కూడ ఒక గంపెడు కలవు. అది ఒట్టి పీచుకాయ. పులుపు దాని స్వభావము. ఆ చెట్టును ఎవరు నాటిరో ఊరిలో ఎవరును ఒప్పుకొనరు. నిరుడు వేలమున దానిని పాడువాడు లేక మాస్టారే ఇంటికి మోసికొనిపోయెను.

ఉక్కకు తాళలేక జనులు తాటాకు విసనకర్రలు ఝళిపింపసాగిరి. ఆ విసనకర్రల వలన కలిగిన ప్రళయమును ఏమని వర్ణింతును! మాస్టారి మెడవెనుక అణగియున్న పరిమళము రెక్కలు తొడుగుకొని మందిరమంతయు ఆక్రమించెను. కండ్లు మూసికొని ప్రార్థించువారి ముక్కులు మాత్రము కదలాడెను. సంఘపెద్ద ఇశ్రాయేలు గారు సుదీర్ఘమైన ప్రార్థన నడుమ ఆగి, ఒక్క దీర్ఘశ్వాస పీల్చి, ఎక్కడ ఆగితినో మరచి, మొదటినుండి మొదలుపెట్టిరి.

ఇంక ఆరాధన ముగిసి వేలము మొదలాయెను. దేవుడెవరైనను పండ్ల వేలమున్న చోట పెద్దిరాజు గారుండును. పూతమీదనే తోటలు కొనువాడు, గుబురు మీసములవాడు, తొడిమ దగ్గర ఒక్కమారు వాసన చూచి కాయ ఏ తోటదో చెప్పగల నాసికా సార్వభౌముడు. మాస్టారు పీచుకాయల గంపనెత్తి, ఒక కాయను చేతబట్టి చూపగానే, పెద్దిరాజు గారు దానిని పట్టుకొనకయే, ఆ చేతిమీదికే వంగి ముక్కు చాచెను. తొడిమకును మణికట్టునకును నడుమ దూరము అంగుళము.

"ఆగండాగండి!" అని ఆయన కేక వేసెను. "ఇది చిన్నరసం వాసన కాదు. పెద్దరసం అంతకన్నా కాదు. బంగినపల్లికి ఇంత సోకెక్కడిది? తోటల్లోనే పుట్టి పెరిగాను, ఇట్టాంటి కాయని ఎరగను. ఏ చెట్టుదండీ మాస్టారూ ఇది?"

"బడి... బడి చెట్టుదండీ."

ఆహా, మామిడి సీమ మాయ! మంచి వాసన తగిలినచో అది పండుదే కావలెను గాని వేరొకటి కావచ్చునని ఆ జనములో ఒక్కరికిని తోచలేదు. పొద్దుటినుండి వచ్చుచున్న వాసన ఇదేనని అందరును తలలూపిరి. నిరుడు ఎవరును ముట్టని గంపకు పాట రెక్కలు కట్టుకొని లేచెను. ఒకరు పాడగా పెద్దిరాజు గారు పెంచెను, మరియొకరు పెంచగా ఆయన మీసము మెలివేసి ఇంకను పెంచెను. "ఈ చెట్టు నాకివ్వండి మాస్టారూ. అంట్లు కట్టిస్తా. ఆగిరిపల్లి దాకా, నూజివీడు దాకా తోటల్లో ఇదే ఉండాలి. పేరు కూడా పెట్టేశా. సలోమోను రసం!"

సలోమోను రసము! చిరకీర్తి తన కాళ్ళదగ్గరకు నడచి వచ్చెను. నోరు మూసికొని నిలుచుండిన చాలును. సెంటు మాట ఎవరికిని తెలియదు, పరువు పోదు, మణికట్టు తుడువనూ అక్కరలేదు, పైగా గుడికి లాభము. ఇశ్రాయేలు గారు "ఒకటోసారి" అనిరి. మాస్టారు ఒక్కమారు స్త్రీల వైపు చూచెను. లీదియా అతనిని చూచుట లేదు. తల వంచుకొని, తన మణికట్టును పైటచెంగు క్రింద మెల్లగా దాచుకొనుచుండెను.

"రెండోసారి..."

అప్పుడు సలోమోను మాస్టారు సింహనాదము చేసెను. "నిలువుము, ఓ ఫలశాస్త్ర పారంగతా! నీ నాసికను మోసగించినది ఈ కాయ కాదు. ఈ పరిమళ సామ్రాజ్యమునకు పట్టాభిషిక్తుడను నేను! ఇది నా యింటి సుగంధము; దీనిని ఒక పీచుకాయకు ధారపోయుటకు నా మనసు ఒప్పదు!" అతని హృదయము పలికిన మాటలివి. జనుల చెవిని పడినవి మాత్రము ఇవి:

"అది... కాయది కాదండీ. నాదండీ."

"నీదేంటయ్యా?" అనిరి ఇశ్రాయేలు గారు.

"సెంటు రాసుకున్నానండీ. పూల సెంటు."

విసనకర్రలన్నియు ఒక్కసారిగా ఆగెను. వెనుకనుండి ఎవరో "మాస్టారు పూలెట్టుకున్నాడర్రోయ్!" అనగా నవ్వులు పెల్లుబికెను. మాస్టారి చెవులు ఎఱ్ఱబడెను. కాని కండువా భుజముమీదనే యుండెను, చేయి దానిని తాకలేదు. ఆ నవ్వుల నడుమ స్త్రీల వైపునుండి ఒక సన్నని గొంతు లేచెను. లీదియా నిలుచుండియుండెను.

"నేనూ రాసుకున్నానండీ. ఆయనదీ నాదీ ఒకటే సెంటు."

నవ్వులు సగములో తెగెను. పెద్దిరాజు గారు పండ్ల వాసన విషయమున అప్పుడే ఘోరముగా ఓడిపోయిన మనిషి, ఊరికే ఊరుకొనునా? మాస్టారి వెనుకకు నడచి, మెడ దగ్గర, సరిగ్గా తొడిమ ఉండవలసిన చోటికి వంగి, కండ్లు మూసికొని, గుండె నిండ గాలి పీల్చెను.

"బాగా మాగింది," అని ఆయన తీర్పు చెప్పెను. ఆ మీదట అనుమానము వచ్చి, "ఇంతకీ ఇది మగాళ్ళదా, ఆడాళ్ళదా అమ్మాయ్?" అనెను.

"ఇద్దరిదీనండీ," అనెను లీదియా.

"అదీ నిజమేలే. రసప్పండుకి ఆడా మగా ఏంటి!"

ఇంకేమున్నది! స్త్రీలందరు లీదియాను చుట్టుముట్టిరి. పురుషులు వరుసగట్టి మాస్టారి మణికట్టును వాసన చూచిరి. ఇశ్రాయేలు గారు గంప అందించు నెపమున వచ్చి రెండుమార్లు చూచిరి. పెద్దిరాజు గారు పాడిన పాటను వెనుకకు తీసికొనక, "కాయలు మా గేదెలకి వేస్తాలెండి, వాటికి పులుపంటే ప్రాణం," అని గంపనెత్తుకొని పోయెను.

ఎండ నడినెత్తికి రాగా దంపతులు ఇల్లు చేరిరి. కాని యుద్ధమింకను ముగియలేదు. ఎన్నో ముక్కులు తగిలిన మణికట్టు; గంపలు మోసినందున చెమటయు, మామిడి సొనయు అంటిన మణికట్టు. వాసన మిగిలినదో లేదో! మాస్టారు స్వయముగా చూచుకొనుటకు ధైర్యము చాలక చేయి చాచి నిలుచుండెను. లీదియా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొని, ముక్కు ఆనించి, చాలసేపు ఉండిపోయెను. అతని ప్రాణములన్నియు ఆ మణికట్టులోనే కొట్టుకొనుచుండెను.

"ఉంది," అనెను లీదియా. పిమ్మట, పెదవులు బిగబట్టుకొన యత్నించి, విఫలురాలై, "సలోమోను రసం!" అని పగలబడి నవ్వెను. ఆ నవ్వు వినగానే మాస్టారును నవ్వసాగెను. ఎందుకు నవ్వుచున్నారో అడుగుటకు వచ్చిన పొరుగింటామె కూడ కారణము తెలియకయే నవ్వి పోయెను.

కావున లోకులారా, చాటింపు వేయుడు! నూజివీటి సీమను, రెడ్డిగూడెము నడివీధిని, ఒక మగవాడు పూలవాసనతో గుడికి పోయి, తుడుచుకొనక తిరిగి వచ్చెను. మిన్ను విరిగి మీద పడలేదు. ఎండుచేపలు ఓడెను, చుట్టపొగ ఓడెను, నవ్వినవారు వరుసలో నిలుచుండిరి. ఈ మహాసంగ్రామమున గెలువబడిన రాజ్యము మణికట్టు మేర; దానిని ఏలువారు ఇద్దరు.